టమ్మీ టక్ చేయించుకోదలచినవారు ముందుగా తెలుసుకోవలసినవి, తరువాత పాటించవలసినవి

టమ్మీ టక్ శస్త్రచికిత్సలో వైద్యులు ప్రధానంగా రెండు పనులు చేస్తారు. పొత్తికడుపు మీద వదులై వేలాడుతున్న చర్మాన్ని దాని కింది కొవ్వుతో సహా కోసి తీసివేస్తారు. గర్భధారణ వల్లనో, ఒకప్పటి అధిక బరువు వల్లనో సాగి పక్కలకు జరిగిపోయిన పొట్ట కండరాలను మధ్యకు లాగి లోపల కుట్లు వేసి బిగిస్తారు. బరువు తగ్గించడం ఈ శస్త్రచికిత్స పని కాదు. అందువల్ల వైద్యుని దగ్గరకు వెళ్ళడానికి ముందే మీ పొట్ట దేనివల్ల ముందుకు వచ్చిందో కొంతైనా తెలుసుకోవాలి. ఈ దశను దాటవేసి నేరుగా ఫోటోలు చూసి నిర్ణయించుకున్న చోటనే తరువాత నిరాశ ఎక్కువగా పుడుతుంది.

మీ పొట్టలో ఉన్నదేమిటో పరిశీలించండి

మొదట అద్దం ముందు నిలబడి బొడ్డు కింది భాగాన్ని వేళ్ళతో పట్టుకుని చూడండి. చేతికి అందే మడత చర్మం కిందనే ఉన్న కొవ్వుతో, వదులైన చర్మంతో ఏర్పడినది. దీనిని శస్త్రచికిత్సతో తీయవచ్చు. తరువాత వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, తలను, భుజాలను కొద్దిగా పైకెత్తి, బొడ్డుకు పైనా కిందా మధ్యగీత వెంబడి వేళ్ళతో నొక్కి చూడండి. రెండు వైపుల కండరాల మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు తగిలినా, తల ఎత్తినప్పుడు మధ్యలో పొడుగ్గా ఉబ్బు లేచినా, కండరాలు విడిపోయాయని అనుమానించవచ్చు. వ్యాయామంతో ఆ కండరాలకు బలం వస్తుంది, కొందరిలో సందు కొంత తగ్గుతుంది కూడా. అయితే ఆ రెండు వైపుల కండరాలను కలిపే, బాగా సాగిపోయిన మధ్యపొరను వ్యాయామం పూర్తిగా మునుపటి స్థితికి తేలేకపోవచ్చు.

పడుకున్నప్పుడు పొట్ట లోపలికి పోయి చదునుగా మారుతోందా, లేక నిలబడినప్పటిలాగానే ఎత్తుగా, గట్టిగా ఉంటోందా అన్నది ఇంకా ముఖ్యమైన పరీక్ష. ఎత్తుగానే ఉంటే, కండరాల వెనుక, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు అందుకు కారణమై ఉండవచ్చు. ఆ కొవ్వును టమ్మీ టక్ గానీ, చర్మం కింది కొవ్వును సన్నని గొట్టంతో పీల్చి తీసే లైపోసక్షన్ గానీ తాకలేవు. పైగా లోపల నిండుగా ఉన్న పొట్ట మీద కండరాలను బిగించి కుడితే లోపలి ఒత్తిడి పెరిగి ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది, కుట్లు కూడా నిలవవు. ఇటువంటివారు ముందు బరువు తగ్గించుకోవలసిందే.

చర్మం బిగుతుగానే ఉండి, కండరాలు విడిపోకుండా, పైకొవ్వు మాత్రమే ఎక్కువగా ఉన్నవారికి లైపోసక్షన్ సరిపోతుంది. మచ్చ చాలా చిన్నది, కోలుకోవడం త్వరగా జరుగుతుంది. అవసరం లేనిచోట పెద్ద కోత ఎందుకు? ప్రసవపు చారల విషయంలోనూ ఒక మాట చెప్పాలి. బొడ్డు కింద ఉన్న చారలు తీసివేసే చర్మంతోపాటు చాలావరకు పోతాయి. పైన ఉన్నవి పోవు, కేవలం కిందికి జరుగుతాయి.

ఇప్పుడే చేయించుకోవాలా అని ఆలోచించండి

మీ బరువు కనీసం ఆరు నెలలుగా పెద్దగా మారకుండా ఉండాలి. ఇంకా పది కిలోలు తగ్గాలనుకుంటున్నవారు తగ్గిన తరువాతే రావడం మంచిది, ఎందుకంటే శస్త్రచికిత్స తరువాత తగ్గితే చర్మం మళ్ళీ వదులవుతుంది, పెరిగితే సాగుతుంది. బరువు తగ్గడానికి కడుపు శస్త్రచికిత్స చేయించుకున్నవారిని సాధారణంగా 12 నుంచి 18 నెలలు ఆగమంటారు. ఆలోగా బరువు నిలకడకు రావడమే కాక, ప్రోటీన్, ఐరన్, విటమిన్ల లోపాలను కూడా సరిచేసుకోవాలి, లేకపోతే గాయం మానదు. ఎత్తుకు తగ్గ బరువును తెలిపే శరీర బరువు సూచిక (బీఎంఐ) 30 దాటినవారిలో గాయం విచ్చుకోవడం, నీరు చేరడం, రక్తం గడ్డకట్టడం వంటి సమస్యల అవకాశం పెరుగుతుంది కనుక చాలామంది సర్జన్లు అంతకంటే తక్కువ ఉండాలని కోరుకుంటారు.

ప్రసవమైన తరువాత కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది గడవాలి. బిడ్డకు పాలివ్వడం ఆపి ఉండాలి. మరో బిడ్డను కనే ఆలోచన ఉంటే వాయిదా వేయడమే వివేకం. ఈ శస్త్రచికిత్స తరువాత గర్భం దాల్చినవారు సాధారణంగా సురక్షితంగానే ప్రసవిస్తారు, కానీ బిగించిన కండరాలు, చర్మం మళ్ళీ సాగిపోయి మీరు పడిన శ్రమ చాలావరకు వృథా కావచ్చు.

పొగాకు గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే రోగి చేతిలో ఉన్న విషయాలన్నింటిలో ఫలితాన్ని ఇంతగా మార్చేది మరొకటి లేదు. శస్త్రచికిత్సలో పొట్ట చర్మాన్ని కింది నుంచి దాదాపు పక్కటెముకల వరకు దుప్పటిలా పైకి ఎత్తుతారు. ఆ క్రమంలో దానికి కింది నుంచి, మధ్య నుంచి రక్తం తెచ్చే నాళాలు తెగిపోతాయి. మిగిలిన చర్మం పక్కల నుంచి వచ్చే రక్తం మీదనే బతకాలి. కుట్లు వేసిన గీత మధ్యభాగం ఆ రక్తం చేరవలసిన చివరి చోటు. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది కనుక అక్కడికి చేరవలసిన కొద్దిపాటి రక్తం కూడా చేరక చర్మం నల్లబడి చనిపోవచ్చు, గాయం విచ్చుకుని నెలల తరబడి కట్లు కట్టించుకోవలసి రావచ్చు. కాబట్టి సిగరెట్, బీడీ, ఈ-సిగరెట్, నమిలే పొగాకు అన్నింటినీ శస్త్రచికిత్సకు కనీసం నాలుగు వారాల ముందు నుంచి, తరువాత నాలుగు వారాల వరకు పూర్తిగా మానాలి. నికోటిన్ పట్టీలు, చూయింగ్ గమ్‌ల మీద ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. కొందరు సర్జన్లు మూత్ర పరీక్షతో నిర్ధారించుకున్న తరువాతే ముందుకు సాగుతారు. దాచిపెట్టి నెగ్గుకొచ్చినా నష్టపోయేది మీ చర్మమే.

సర్జన్‌ను ఎంచుకోవడం

ప్లాస్టిక్ సర్జరీలో ప్రత్యేక శిక్షణ పొంది, ఆ అర్హతను మీ దేశపు వైద్య మండలి దగ్గర నమోదు చేసుకున్నవారినే ఎంచుకోండి. బోర్డు మీద కాస్మెటిక్ అన్న మాట ఉండటం అర్హతకు రుజువు కాదు. శస్త్రచికిత్స జరిగేచోట అర్హత గల మత్తు వైద్యుడు మొదటి నుంచి చివరి దాకా ఉంటారా, అత్యవసర పరిస్థితి వస్తే ఐసీయూ అక్కడే ఉందా లేక మరోచోటికి తరలిస్తారా అన్నది స్పష్టంగా అడగాలి. ఇలా అడిగితే విసుక్కునే వైద్యుని దగ్గర చేయించుకోకపోవడమే మేలు.

సంప్రదింపులో మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, మీకు ఏ రకం శస్త్రచికిత్స సూచిస్తున్నారు, ఎందుకు అన్నది. బొడ్డు కింద మాత్రమే కొద్దిగా వదులుగా ఉన్నవారికి మినీ టమ్మీ టక్ చాలు. అందులో కోత చిన్నది, సాధారణంగా బొడ్డు చుట్టూ కోయరు. చాలామందికి అవసరమయ్యేది పూర్తి టమ్మీ టక్. దాని మచ్చ ఒక తుంటి ఎముక నుంచి మరో తుంటి ఎముక దాకా ఉంటుంది. బాగా బరువు తగ్గినవారికి నడుము చుట్టూ సాగే కోత గానీ, అడ్డుకోతతోపాటు నిలువుకోత గానీ అవసరం కావచ్చు. వేలాడే చర్మాన్ని మాత్రమే తీసి కండరాలను బిగించని శస్త్రచికిత్స వేరే ఉంది. దానిని పానిక్యులెక్టమీ అంటారు. బీమా సంస్థలు టమ్మీ టక్‌ను సాధారణంగా సౌందర్య చికిత్సగానే పరిగణించి ఖర్చు ఇవ్వవు. మడతల్లో పదేపదే పుండ్లు, ఇన్ఫెక్షన్లు వస్తున్నట్టు వైద్య రికార్డులు ఉన్నవారి విషయంలో పానిక్యులెక్టమీకి కొన్నిచోట్ల అంగీకరిస్తాయి.

తరువాత మచ్చ ఎక్కడ పడుతుందో మీ శరీరం మీదనే గీసి చూపించమనండి. మీరు మామూలుగా ధరించే లోదుస్తులు తీసుకువెళితే మచ్చ వాటి కింద దాగుతుందా లేదా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. మీ శరీరాకృతికి దగ్గరగా ఉన్నవారి ఫోటోలు, అవి కూడా ఏడాది గడిచిన తరువాత తీసినవి చూపించమని అడగండి; రెండో నెల ఫోటో మచ్చ గురించి ఏమీ చెప్పదు. నీరు చేరకుండా ఏం చేస్తారు, రక్తం గడ్డకట్టకుండా ఏం చేస్తారు, రాత్రివేళ సమస్య వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, మళ్ళీ సరిచేయవలసి వస్తే ఆ ఖర్చు ఎవరిది అన్నవి కూడా అడిగి, సర్జన్ రుసుము, మత్తు వైద్యుని రుసుము, ఆసుపత్రి ఖర్చు, బిగుతు బెల్టు, మందులు అన్నీ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి.

ఒకే మత్తులో రొమ్ములు, పొట్ట, తొడలు అన్నీ సరిచేయించుకోవాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. శస్త్రచికిత్స సమయం పెరిగేకొద్దీ రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది కనుక సర్జన్ రెండు విడతలుగా చేద్దామంటే ఒప్పుకోండి. ఖర్చు తక్కువని దూరదేశానికి వెళ్ళేవారు మరొక విషయం ఆలోచించాలి. శస్త్రచికిత్స అయిన కొద్ది రోజులకే గంటల తరబడి కదలకుండా కూర్చుని ప్రయాణించడం కాళ్ళలో గడ్డలకు దారితీయవచ్చు, పైగా మూడో వారంలో గాయం విచ్చుకుంటే చూడవలసిన వైద్యుడు వేల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు.

ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు

రక్తహీనత, షుగర్, రక్తం గడ్డకట్టే తీరు, గుండె పనితీరు వంటివాటికి పరీక్షలు చేస్తారు. మధుమేహం ఉన్నవారు మూడు నెలల సగటు చక్కెరను అదుపులోకి తెచ్చుకోవాలి. మీరు వాడే ప్రతి మందునూ, మూలికలతో సహా, ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు, చేపనూనె, విటమిన్ ఇ మాత్రలు రక్తస్రావాన్ని పెంచగలవు కనుక వాటిలో కొన్నింటిని ముందుగా ఆపమంటారు. అయితే గుండెలో స్టెంట్ ఉండి ఆస్పిరిన్ వాడుతున్నవారు సొంతంగా ఆపితే ప్రాణాపాయం. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, హార్మోన్ మాత్రలు గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతాయి. బరువు తగ్గడానికి సెమాగ్లుటైడ్ వంటి ఇంజెక్షన్లు వాడుతున్నవారి కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కనుక ఆ సంగతి మత్తు వైద్యునికి తప్పక చెప్పాలి.

మీకు గానీ దగ్గరి రక్తసంబంధీకులకు గానీ కాళ్ళలో, ఊపిరితిత్తులలో రక్తపు గడ్డలు వచ్చి ఉంటే దాచవద్దు. పాత శస్త్రచికిత్సల మచ్చలు కూడా చూపించండి. సిజేరియన్ మచ్చను సాధారణంగా తీసివేసే చర్మంలోనే కలిపేస్తారు, కానీ పిత్తాశయం తీయడానికి పక్కటెముకల కింద వేసిన పెద్ద ఏటవాలు కోత ఉంటే చర్మానికి రక్తప్రసరణ అప్పటికే తగ్గి ఉంటుంది, దానిని బట్టి సర్జన్ పద్ధతిని మార్చుకోవాలి. బొడ్డు దగ్గర హెర్నియా ఉందన్న అనుమానం ఉంటే ముందే స్కాన్ చేయించాలి. చాలాసార్లు దానిని కూడా అదే సమయంలో సరిచేయవచ్చు.

ఇంట్లో ఏర్పాట్లను తేలికగా తీసుకోవద్దు. చిన్నపిల్లల తల్లులు ఆరు వారాల పాటు బిడ్డను ఎత్తుకోలేరు. మొదటి రెండు వారాలకైనా పెద్దవారు మరొకరు పూర్తిగా ఇంట్లో ఉండాలి. ఆ సహాయం దొరకని నెలలో శస్త్రచికిత్స తేదీ పెట్టుకోకండి. రోజూ వాడే వస్తువులను వంగకుండా, చేతులు పైకి చాపకుండా అందే ఎత్తులో పెట్టుకోండి. వీపు వెనుకకు, మోకాళ్ళ కిందకు సరిపడా దిండ్లు సమకూర్చుకోండి.

శస్త్రచికిత్స రోజు

ఘనాహారం ఆరు గంటల ముందే ఆపాలి; మంచినీళ్ళ వంటి ద్రవాలకు సాధారణంగా రెండు గంటల ముందు దాకా అనుమతి ఉంటుంది, మీ ఆసుపత్రి చెప్పిన సమయాన్నే పాటించండి. మిమ్మల్ని నిలబెట్టి కోత గీతలను కలంతో గీస్తారు, ఎందుకంటే పడుకున్నప్పుడు చర్మం ఎలా వేలాడుతుందో కనిపించదు. పూర్తి మత్తులో సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. బొడ్డు మీరనుకున్నట్టు వేరేచోటికి మారదు. చుట్టూ గుండ్రంగా కోసి దానిని ఉన్నచోటనే ఉంచి, కిందికి లాగిన చర్మంలో కొత్త రంధ్రం చేసి బయటికి తెచ్చి కుడతారు. చర్మం కింద చేరే ద్రవం బయటికి పోవడానికి ఒకటి రెండు డ్రెయిన్ గొట్టాలు పెట్టవచ్చు. చర్మాన్ని కింది పొరకు అక్కడక్కడా కుట్టి, గొట్టాలు లేకుండానే ముగించే సర్జన్లూ ఉన్నారు. కొందరిని అదే రోజు, కొందరిని ఒకటి రెండు రాత్రులు ఉంచి ఇంటికి పంపుతారు.

మొదటి ఆరు వారాలు

మెలకువ వచ్చినప్పుడు పొట్ట మీద నొప్పి కంటే బిగుతు ఎక్కువగా తెలుస్తుంది. మొదటి వారం నిటారుగా నిలబడకండి. నడుము దగ్గర కొద్దిగా వంగి నడవాలి, వీపు ఎత్తుగా, మోకాళ్ళు మడిచి పడుకోవాలి. కుట్ల మీద లాగుడు తగ్గించడానికే ఇదంతా. దీనివల్ల వీపు నొప్పి వస్తుంది, అది మామూలే. మంచం దిగేటప్పుడు నేరుగా లేవకుండా పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి దించి, చేతులతో ఒత్తుకుని లేవండి. దగ్గినా తుమ్మినా దిండును పొట్టకు గట్టిగా అదుముకోండి.

విశ్రాంతి అంటే మంచానికి అతుక్కుపోవడం కాదు. సౌందర్య శస్త్రచికిత్సలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాటిలో టమ్మీ టక్ ఒకటి. అందుకని అదే రోజు సాయంత్రమో మరునాడో లేచి నాలుగు అడుగులు వేయాలి, మెలకువగా ఉన్నంతసేపూ గంట గంటకూ పాదాలను పైకీ కిందికీ ఆడించాలి, రక్తం పలుచన చేసే ఇంజెక్షన్లు రాసి ఉంటే ఒక్కటి కూడా మానకూడదు.

గొట్టాలు ఉంటే రోజూ ఒకే వేళకు ద్రవాన్ని కొలిచి రాసుకోండి. 24 గంటలలో దాదాపు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గినప్పుడు వాటిని తీస్తారు. చాలామందికి ఒకటి రెండు వారాలు పడుతుంది. తీసిన తరువాత కూడా లోపల నీరు చేరవచ్చు, ఈ శస్త్రచికిత్సలో తరచుగా కనిపించే ఇబ్బంది అదే. పొట్టను తట్టినప్పుడు నీళ్ళు కదిలినట్టు అనిపిస్తే సర్జన్‌కు చూపించండి, సూదితో తీసివేస్తారు. బిగుతు బెల్టును సాధారణంగా ఆరు వారాల పాటు ధరించమంటారు. అది మడతలు పడకుండా చూసుకోండి, ఎందుకంటే తిమ్మిరెక్కిన చర్మం మీద మడత ఒరుసుకుని పుండు పడినా మీకు తెలియదు. అదే కారణం వల్ల పొట్ట మీద వేడినీళ్ళ సంచి గానీ మంచుగడ్డ సంచి గానీ పెట్టుకోవద్దు.

నొప్పి మాత్రలలో కొన్ని మలబద్ధకం కలిగిస్తాయి, ముక్కితే లోపలి కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. పీచు పదార్థాలు, నీళ్ళు ఎక్కువగా తీసుకుని, వైద్యుడు రాసిన విరేచనం మెత్తబరిచే మందును మొదటి రోజు నుంచే వాడండి. స్నానం ఎప్పుడు చేయవచ్చో కట్టును బట్టి సర్జన్ చెబుతారు. గాయం పూర్తిగా మానే దాకా తొట్టిలో గానీ కొలనులో గానీ దిగకూడదు. కూర్చుని చేసే ఉద్యోగానికి రెండు మూడు వారాలకు వెళ్ళవచ్చు, శరీరశ్రమ ఉన్న పనికి ఆరు వారాలు ఆగాలి. మగత కలిగించే నొప్పి మందులు మానివేసి, హఠాత్తుగా బ్రేకు తొక్కగలిగే స్థితి వచ్చే దాకా బండి నడపవద్దు. నాలుగైదు కిలోల కంటే ఎక్కువ బరువు ఎత్తడం, పొట్ట వ్యాయామాలు ఆరు వారాల తరువాత, సర్జన్ అనుమతితోనే మొదలుపెట్టాలి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, హఠాత్తుగా ఆయాసం రావడం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం పడటం, వీటిలో ఏది కనిపించినా సర్జన్ ఫోన్ కోసం ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి వెళ్ళండి. గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. పొట్ట ఒకవైపు వేగంగా ఉబ్బి గట్టిపడి నొప్పి పెరుగుతుంటే లోపల రక్తం చేరుతోందని అర్థం. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, దుర్వాసనతో చీము, పాకుతున్న ఎరుపు, బొడ్డు చుట్టూ గానీ కుట్ల మధ్యలో గానీ చర్మం నల్లబడటం కనిపిస్తే అదే రోజు వైద్యునికి చూపించాలి. మరునాటి దాకా చూద్దామనుకోవద్దు.

ఆ తరువాతి ఏడాది

అద్దంలో మొదట కనిపించే పొట్టను చూసి తీర్పు చెప్పకండి. వాపు మూడు నెలలలో చాలావరకు దిగుతుంది, పూర్తిగా దిగడానికి ఏడాది దాకా పట్టవచ్చు. సాయంత్రాలు ఉబ్బినట్టు, ఉదయం తగ్గినట్టు అనిపించడం ఆ కాలంలో సహజం. బొడ్డు కింద స్పర్శ నెలల మీద నెమ్మదిగా తిరిగి వస్తుంది, మధ్యలో కొద్ది భాగంలో శాశ్వతంగా తగ్గిపోవచ్చు. తొడ బయటి వైపున తిమ్మిరి, మంట ఉంటే అక్కడి నరం దెబ్బతిని లేదా ఒత్తిడికి గురై ఉండవచ్చు కనుక చెప్పాలి.

మచ్చ మొదటి నెలలలో ఎర్రగా, ఎత్తుగా మారి భయపెడుతుంది. 12 నుంచి 18 నెలలకు పలచబడి మెత్తబడుతుంది. గాయం పూర్తిగా మూసుకున్న తరువాత సిలికాన్ పట్టీలు లేదా జెల్ రోజూ కొన్ని నెలల పాటు వాడండి, ఎండ తగలనివ్వకండి. పూర్వం చెవి కుట్టించుకున్నచోటనో, టీకా వేసినచోటనో చర్మం గడ్డలా పెరిగినవారికి ఇక్కడా కెలాయిడ్ రావచ్చు. వారు మచ్చ దురదపెట్టి గట్టిపడుతున్న తొలి దశలోనే వైద్యుని కలిస్తే ఇంజెక్షన్లతో అదుపు చేయడం సులభం. తుంటి చివరల దగ్గర చర్మం చిన్న కొమ్ములా పొడుచుకు వచ్చినట్టు ఉంటే కంగారుపడి నెల తిరగకముందే సరిచేయమని పట్టుబట్టకండి. వాపుతోపాటు వాటిలో కొన్ని వాటంతటవే సర్దుకుంటాయి. ఆరు నెలలు, ఏడాది గడిచినా మిగిలినవాటిని ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి చిన్న కోతతో తీసివేయవచ్చు.